ఎల్ అంటే లార్జే గద!

చాయ్ గిలాసలు జర కింద పెట్టుండ్రి. నేను చెప్పేది ఇనుకుంట నవ్వితే ఒలుకుతది, గివన్నీ గిరాకీల జాకెట్లు. పెట్టిండ్రా? సరే. కొన్ని నెలల కింద నేను ఇంగ్లీషుల రెండక్షరాలు చదివిన. పెద్ద పుస్తకమేం గాదు, రెండంటే రెండక్షరాలు! గవి చదివినందుకే పాణం మీదికి తెచ్చుకున్న. డాక్టరమ్మ అయితే నన్ను తిట్టాల్నో, నవ్వాల్నో సమజ్ గాక కుర్సీల అట్లనే కూలబడ్డది.

మొదటి నుంచి చెప్త. మెదక్‌ల చౌరస్తా ఎనక గల్లీల ఈ లేడీస్ టైలర్ షాపు పెట్టి ఎన్నేండ్లయిందో మీకు తెల్సు. మా ఆయన పాపన్నపేట రూట్ల షేర్ ఆటో నడుపుతడు. ఇంట్ల మేమిద్దరం, మా అత్త. నాకొక గుణమున్నది. ఏదన్న ఎందుకట్లయితుందో తెల్సుకునేదాక ఇడువ. కుట్టుమిషన్ చప్పుడు మారితే మెకానిక్ కోసం చూడ, నేనే ఇప్పుకొని కూసుంట. మల్ల బిగించినప్పుడు ఒకటో రెండో స్క్రూలు మిగులుతయ్, అది వేరే ముచ్చట.

ఎండకాలం పోయి వానలు పడ్డంక మొదలైంది ఈ కత. ఒకనాడు పొద్దుగాల జాకెట్ తొడుక్కుంటే భుజం మీదికెళ్ళి జారిపోయింది. నేను కుట్టిన జాకెట్! నా కొలతకు నేను కుట్టుకున్నది! ఇదేంది అనుకొని రెండు దిక్కుల కుట్టు లోపలికి పట్టిన. కొన్నొద్దులకు మల్ల వదులు. మల్ల పట్టిన. మల్ల వదులు. గుడ్డ సాగిందనుకున్న. తర్వాత టేపు సాగిందనుకున్న, ఎండకు ప్లాస్టిక్ టేపులు సాగుతయ్ గద. పాత టేపు తీస్కపోయి దుకాణంల కొత్త టేపు పక్కన పెట్టి కొలిచిన. దుకాణపాయన నన్ను ఎగాదిగా చూసి, "టేపు మంచిగనే ఉన్నదక్కా, నువ్వే సన్నబడ్డవ్" అన్నడు. అయినా నేను నమ్మలే. కొత్త టేపు కొనుక్కునే వచ్చిన.

సన్నబడుడేంది? నేను తినేది చూస్తే ఎవరూ నమ్మరు. పొద్దుగాల ఉప్మా తింట, గంట గాకముందే ఆకలి. సద్దన్నం తింట, మల్ల ఆకలి. మా అత్త సర్వపిండి చేస్తే ఇంటిల్లిపాదికి చేసింది నేనే గిన్నె అడుగు గీకి మరీ తిన్న. మా అత్త నడుము మీద చెయ్యి పెట్టుకొని చూసుకుంట నిలబడ్డది.

"మంజులా, నీ పొట్టల ఎవలన్న కిరాయికున్నరా బిడ్డా?"

"ఏమో అత్తా, ఉంటే కిరాయన్న కడ్తలేరు."

నవ్వుకున్నం గానీ నాకైతే మస్తు ఆశ్చర్యమైంది. తిన్నదంత ఏడికి పోతుంది? బియ్యం డబ్బా ఖాళీ అయితుంది, నేనూ ఖాళీ అయితున్న.

ఇంకోటి చెప్పాలె, నవ్వొద్దు. నా కండ్లు పెద్దగైనయ్. అద్దంల చూస్కుంటే నాకే కొత్తగా కనిపిచ్చిన. షాపుకొచ్చేటోళ్ళు ఒకటే అడుగుడు: "అక్కా ఏం కాటుక పెడ్తున్నవ్? ఏం తింటున్నవ్ గింత సన్నగైనవ్?" అన్నీ తింటున్న అంటే నమ్మరు, చెప్పుడు ఇష్టంలేక దాస్తున్ననుకుంటరు. నేను గూడ లోపల్లోపల ఖుషీ అయిన. ఈ వయసుల నాకు అందమొస్తుంది గావొచ్చు, లేటుగనన్న వచ్చింది పో అనుకున్న. రోగాన్ని అందమనుకున్న మనిషిని మీరెన్నడన్న చూసిండ్రా? చూడుండ్రి, మీ ముంగటనే ఉన్నది.

ఇగ వేడి. బయట వాన, మా ఆయన దుప్పటి కప్పుకొని ముడుచుకుంటడు, నేను ఫ్యాన్ ఫుల్ పెట్టి కింద బండల మీద పండుకుంట. "మనిషివా, పొయ్యివా?" అంటడాయన. నేను గయ్యిమని లేస్త. పెద్ద మాటేం గాదు, ఊకె కోపం. ఆటో హారన్ కొట్టినా కోపమే, కొట్టకపోయినా కోపమే. ఆఖరికి ఆయన ఇంట్లకొచ్చే ముందు దర్వాజ కాడ నిలబడి అమ్మనడుగుడు మొదలు పెట్టిండు: "అమ్మా, ఇయ్యాల లోపల వాతావరణం ఎట్లున్నది?"

గల్లీల ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పిండ్రు. అందరికి తెల్సిన రోగమొకటే, వేడి చేసింది. సబ్జగింజలు తాగిన, బార్లీ తాగిన, మజ్జిగలు తాగిన. తాగి తాగి బాత్రూముకు ఉరుకుడు ఎక్కువైంది గానీ వేడి తగ్గలే. మా ఆయన షుగరేమో అన్నడు, చూపిస్తే షుగర్ లేదు. మా అత్త ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిల ఏసి, "చూడు, ఘాటు రాలే. గట్టి దిష్టి. ఏడుపాయల తల్లికి మొక్కుకున్న" అన్నది. మిరపకాయలు పాతయ్ అని నాకు తెల్సు. చెప్పలే, పెద్దమనిషి బాధపడ్తదని.

ఇవన్నీ ఒకెత్తు. ఒకనాడు సూదిల దారం ఎక్కిస్తుంటే దారం సూదికి ఇటు పోతుంది, అటు పోతుంది గానీ బెజ్జంలకు పోతలేదు. కండ్లు మంచిగనే కనిపిస్తున్నయ్. చెయ్యి! నా చెయ్యి సన్నగా వణుకుతుంది. ముందుగాల చూసి నవ్విన. తర్వాత కత్తెర పట్టిన. కత్తెర కొస గూడ వణుకుతుంది. గప్పుడు నవ్వు పోయింది. అక్కా, నా ఇల్లు నడిచేది ఈ చేతుల మీద. ఆటో బంద్‌లకు ఆగుతది, ధర్నాలకు ఆగుతది, నా మిషన్ ఆగదు. చెయ్యి వణికే టైలర్‌కు గుడ్డ ఎవరిస్తరు? గా దినం నిజంగ భయపడ్డ. ఎవరికీ చెప్పలే. బరువు పని చేసినట్టు చేతులు దులుపుకొని ఊకున్న.

అసలు ముచ్చట ఇక్కడున్నది. గప్పుడే చౌరస్తా కాడ తెలంగాణ కోసం రిలే నిరాహార దీక్షలు నడుస్తున్నయ్. ఒక్కో దినం ఒక్కో సంఘం కూసుంటది. టైలర్ల దినమొచ్చింది. శిబిరం చూసుకునే మల్లేశన్న పేర్లు రాసుకుంట షాపుకొచ్చిండు. నన్ను చూసి పెన్ను ఆపిండు. నా మొకం చూసిండు, చెంపలు చూసిండు, మెడ కింద బొక్కలు చూసిండు. ఆయన కండ్లల్ల మెరుపు!

"అక్కా, నువ్వు ముందు వరసల కూసోవాలె. ఖచ్చితంగ ముందు వరసల!"

"పొద్దటికెళ్ళి సాయంత్రం దాక తినకుండ నేనుండలేనన్నా" అన్న.

"నిన్ను చూస్తే ఉండలేనోళ్ళ లెక్క లేవు" అని పేరు రాసుకొని పోయిండు.

నేను గూడ తెలంగాణ రావాలనే మనిషినే. సరే, ఒక్క దినమే గద అని పోయి కూసున్న. టెంటు కింద పొద్దెక్కుతుంది. పక్కపొంటి వాళ్ళు ముచ్చట్లు పెడ్తున్నరు, పాటలు పాడుతున్నరు. నాకైతే టెంటు బయట మిర్చి బండి మూకుట్ల నూనె కాగే చప్పుడు తప్ప ఏం వినిపిస్తలేదు. గుండె దడదడ. చెమటలు. చేతులు వణుకుడు. మల్లేశన్న మైకు పట్టుకున్నడు.

"చూడుండ్రి! ఈ ఆడబిడ్డను చూడుండ్రి! రాష్ట్రం కోసం రంది పెట్టుకొని ఎట్ల చిక్కిపోయిందో చూడుండ్రి! ఆ చేతులు చూడుండ్రి, ఆవేశంతోటి వణుకుతున్నయ్! ఆ కండ్లు చూడుండ్రి, కోపంతోటి నిప్పులు కక్కుతున్నయ్!"

జనం చప్పట్లు. ఎవరో వచ్చి మెడల దండేసిండ్రు. పూలదండ బరువుకు గూడ నాకు ఆయాసమొచ్చింది. ఇది ఆవేశం గాదన్నా, చాన్నాళ్ళ సంది ఇట్లనే ఉన్నదని చెప్దామనుకున్న. దండేసినంక ఎట్ల చెప్తరు?

గంతల సంఘీభావం తెల్పుతందుకు డాక్టరమ్మ వచ్చింది. సర్కారు దవాఖాన డాక్టర్. దీక్షల కూసున్నోళ్ళందరికి బీపీ చూసుకుంట నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నది. పట్టుకున్న చెయ్యి ఇడుస్తలేదు. గడియారం చూస్తుంది, నన్ను చూస్తుంది, మల్ల గడియారం చూస్తుంది. మల్లేశన్న ఉరికొచ్చి మైకు మా నడుమల పెట్టిండు, లోకానికి వినిపియ్యాలని.

"ఆకలి ఎట్లుంటుందమ్మా?" అన్నది డాక్టరమ్మ.

నాకు మైకు సంగతి యాదికి లేదు. సత్యం చెప్పిన. "మస్తు అయితది మేడం. ఇప్పుడే గాదు, ఎప్పుడూ అయితది. ఎంత తిన్నా సాలది. పొద్దుగాల వచ్చేముందు గూడ మక్క గటక తిని, మీదికెళ్ళి నాలుగిడ్లీలు తినొచ్చిన."

చౌరస్తా అంతటా వినిపిచ్చింది. ఇడ్లీలు అనే మాట మైకుల రెండు పార్లు మోగింది. మల్లేశన్న మైకు గుంజుకొని "జై తెలంగాణ" అన్నడు, జనం గూడ "జై" అన్నరు గానీ, సగం మంది నవ్వుకుంట అన్నరు.

డాక్టరమ్మ మాత్రం నవ్వలే. పక్కకు పిలిచి రెండు చేతులు ముందుకు చాపమన్నది, వేళ్ళు విడదీయమన్నది. నా వేళ్ళ మీద ఒక కాయితం పరిచింది. వట్టి తెల్ల కాయితం. అది గాలి లేకున్నా గలగల వణుకుతుంది. ఏండ్లు ఈ చేతులతోటి కుట్టినగానీ చేతిని గిట్ల చూడొచ్చని నాకు తట్టనే లేదు. తర్వాత నీళ్ళు తాగమని, నేను మింగుతుంటే గొంతు దిక్కు చూసింది. ఎనక నిలబడి వేళ్ళతోటి మెడ ఒత్తింది. నిద్ర పడ్తుందా, విరేచనాలు ఎక్కువైతున్నయా, నెలనెల బైటుండుడు సక్కగ వస్తుందా, ఇంట్ల ఎవరికన్న గొంతు జబ్బున్నదా, అన్ని అడిగింది. అడిగినవన్నీ నాకున్నయే! నేను చెప్పకుండనే నా కత చదివినట్టనిపిచ్చింది.

"మేడం, మీకెట్ల తెల్సు?"

"నాకు అనుమానమే, ఇంకా తెల్వది. రక్తం చూస్తే తెలుస్తది" అని మూడు పరీక్షలు రాసిచ్చింది. టీ త్రీ, టీ ఫోర్, టీఎస్‌హెచ్. పొయ్యే ముందు వేలు చూపిచ్చి చెప్పింది: "రిపోర్ట్ రాంగనే నాకు చూపియ్యి. నడుమల ఎవరో చెప్పిండ్రని ఏ గోలీ వేస్కోకు."

ఇన్నరు గద? ఈ కత మొత్తంల మంచి మాట అదొక్కటే. దాన్నే నేను ఇన్లే.

రక్తం తీసి హైదరాబాద్ పంపిచ్చిండ్రు. ఈ లోపల నేను ఊకున్ననా? ఇంట్ల అందరి చేతుల మీద కాయితం పెట్టి చూసిన. మా ఆయనది కదలలే. మా అత్తది జర కదిలింది, "వయసు బిడ్డా" అన్నది. షాపుకొచ్చినోళ్ళను గూడ, "చేతులు చాపుండ్రి, కొలత తీసుకోవాలె" అని చాపిచ్చి కాయితం పెట్టిన. ఒకామె భయపడి జాకెట్ గుడ్డ వాపస్ తీస్కపోయింది.

ఇగ బంద్ మీద బంద్. బస్సులు లేవు. రిపోర్ట్ ఆలస్యంగ వచ్చింది. వచ్చేసరికి డాక్టరమ్మ హైదరాబాద్ పోయి అక్కడ్నే చిక్కుకున్నది, తొవ్వల రాస్తారోకోలు. ఎప్పుడొస్తదో ఎవరికీ తెల్వది. కవరు నా చేతుల ఉన్నది. మీరైతే ఆగుతరేమో. నేను మిషన్ ఇప్పుకునే మనిషిని. కవరు ఇప్పిన.

గప్పుడే పాపన్నపేట నుంచి మా యారాలు సుగుణ వచ్చింది, మా ఆయన అన్న పెండ్లం. ఆమెకు థైరాయిడ్ ఉన్నది, పొద్దుగాల లేవంగనే గోలి ఏసుకుంటది. బాగ లావైంది, ఎప్పుడూ నిద్ర మబ్బు మీదుంటది. ఇంట్ల థైరాయిడ్ మీద మాట్లాడే హక్కు ఆమెదే.

"చూడు యారాలా, ఇందుల ఏమున్నదో" అని కాయితం ఆమె ముంగట పెట్టిన.

మూడు గీతలున్నయ్. టీ త్రీ పక్కన హెచ్. టీ ఫోర్ పక్కన గూడ హెచ్. టీఎస్‌హెచ్ పక్కన ఎల్. గంతే. యారాలు కండ్లద్దాలు పెట్టుకొని చూసి, "నా రిపోర్ట్ చూసినప్పుడు డాక్టర్ టీఎస్‌హెచ్ పెరిగింది అన్నడు. నీకెట్లున్నదో చూడు" అన్నది.

నేను గర్వంగ చెప్పిన. "ఇగో, ఎల్ అని ఉన్నది. ఎల్ అంటే లార్జ్!"

మీరే చెప్పుండ్రి, ఎల్ అంటే లార్జే గద! ఇన్నేండ్ల సంది నైటీల మీద, లంగల మీద నేను చదివేది గదే గద! ఎస్ అంటే స్మాల్, ఎమ్ అంటే మీడియం, ఎల్ అంటే లార్జ్. ఈ విషయంల నాకు చెప్పేటోడు మెదక్‌ల లేడు.

"మరి హెచ్ ఏంది?" అన్నది యారాలు.

"హాఫ్. హాఫ్ చేతులకు హెచ్ అనే గద రాస్కుంటం. అంటే టీ త్రీ, టీ ఫోర్ సగమే ఉన్నయ్."

యారాలు ఎగిరి చప్పట్లు కొట్టింది. "సరిగ్గ నాదే! నాకు గూడ గ్రంథి సగమే పని చేస్తుందని, టీఎస్‌హెచ్ పెరిగిందని చెప్పిండ్రు. ఒకటే రోగం!"

మా ఆయన ఎనక నుంచి వంగి చూసి, "టీఎస్‌హెచ్ కాడ సున్నా చుక్క సున్నా అని ఉన్నది గదనే. లార్జ్ అయితే గంత చిన్న నంబర్ ఎందుకుంటది?" అన్నడు. ఆటో నడిపేటోనికి అర్థమైంది, నాకు కాలే!

"చూడాల్సింది సైజు, నంబర్ గాదు. నీకేం తెల్సు బట్టల సంగతి" అన్న. అవి బట్టలు గావని ఆయన గూడ అనలే. అంటే ఏమయితదో ఆయనకు తెల్సు.

అయినా నాకొక అనుమానం. "యారాలా, నీకు అదే రోగమైతే నువ్వు లావైనవ్, నేను సన్నగైన. ఎందుకు?"

ఆమె జర సోంచాయించి, "నీది లేటెస్ట్ గావొచ్చు" అన్నది.

గిదే జవాబు! నేను ఒప్పుకున్న. సంచిలకెళ్ళి ఆమె గోలీల పట్టీ తీసి ఇచ్చింది. పరిగడుపున ఒకటి ఏస్కోమన్నది. ప్రేమతోటే ఇచ్చింది, ఆమెననుడు తప్పు. మరుసటి దినం నుంచి మొదలు పెట్టిన.

అక్కా, ఏం చెప్పాలె! ఇంతకు ముందు గుండె కుట్టుమిషన్ లెక్క కొట్టుకునేది, ఇప్పుడు మోటర్ పెట్టిన కుట్టుమిషన్ అయింది. రెండు మెట్లెక్కితే ఆయాసం. నిద్ర మొత్తానికే పోయింది. చెమటకు జాకెట్ పిండితే నీళ్ళొస్తున్నయ్. "గోలి పని చేస్తుంది బిడ్డా, వేడంత బయటికి పోతుంది" అన్నది మా అత్త. నేను గూడ గదే అనుకొని ఇంకో దినం ఏసుకున్న, ఇంకో దినం ఏసుకున్న.

గా దినం మా గిరాకీ టీచరమ్మ పట్టు జాకెట్ గుడ్డ కత్తిరిస్తున్న. మెడ కాడ గుండ్రంగ తిప్పాలె. కత్తెర నా మాట ఇన్లే. చెయ్యి ఒక్కపారి దుంకింది, చర్రుమని మెడ కాడికెళ్ళి భుజం దాక పోయింది. పట్టు గుడ్డ రెండు పాయలు! నేను అట్లనే కింద కూసున్న. ఏడుపొచ్చింది. టీచరమ్మ తిడ్తదని గాదు. నా చెయ్యి నాది గాకుండ పోయిందని ఏడ్చిన. మా అత్త ఉరికొచ్చి నా తల పొట్టకు అదుముకొని, "లే బిడ్డా, దవాఖానకు పోదాం పా" అన్నది. దిష్టి మాట ఎత్తలే.

డాక్టరమ్మ అప్పుడే హైదరాబాద్ నుంచి వచ్చిందని తెలిసింది. మా ఆయన ఆటో తీసిండు. అత్త, నేను ఎక్కినం. చౌరస్తా కాడికొస్తే రోడ్డు బంద్, వంటావార్పు! రోడ్డు నడుమల పొయ్యిలు, పెద్ద పెద్ద గంజులు, పులిహోర వాసన. మల్లేశన్న ఆటోకు అడ్డమొచ్చి లోపలికి వంగి చూసిండు. నా అవతారం చూసి ఎనక్కి తిరిగి అరిచిండు.

"అక్క వచ్చింది! పాణం మంచిగ లేకున్నా వచ్చింది! జోహార్..."

"ఓ అన్నా!" అని మా అత్త ఆటోలకెళ్ళే ఒర్రింది. "జోహార్ అనకు! నా కోడలు బతికే ఉన్నది!"

మల్లేశన్న నాలిక కర్సుకున్నడు. మంచి మనిషి, ఇషయం తెలిసి తనే ముందు ఉరుక్కుంట తొవ్వ ఇప్పిచ్చిండు. మా ఎనక పది మంది జై తెలంగాణ అనుకుంట దవాఖాన గేటు దాక వచ్చిండ్రు. మందుల చీటీ రాపిచ్చుకుంటందుకు ఊరేగింపుతోటి పోయిన మనిషిని నేనే గావొచ్చు. గంత పరేషాన్‌ల గూడ నా ముక్కు పులిహోర దిక్కే తిరిగింది.

డాక్టరమ్మ రిపోర్ట్ చూసింది. గుండె చూసింది. తర్వాత నా చేతుల గోలీల పట్టీ చూసింది.

"ఇవి ఎవరిచ్చిండ్రు?"

మొత్తం చెప్పిన. ఎల్ అంటే లార్జ్, హెచ్ అంటే హాఫ్, యారాలుది, నాది ఒకటే రోగం, నాది లేటెస్ట్. చెప్తుంటే ఆమె మొకం ఎర్రగైంది, తర్వాత పెదాలు వణికినయ్, ఆఖరికి కుర్సీల కూలబడి మొకానికి ఫైలు అడ్డం పెట్టుకున్నది. ఫైలు ఊగుతుంది.

"ఎల్ అంటే లో అమ్మా. తక్కువ. హెచ్ అంటే హై. ఎక్కువ."

మొత్తం ఉల్టా! నాకున్నది తక్కువ థైరాయిడ్ గాదు, మస్తు ఎక్కువ థైరాయిడ్. అది మండుతుంటే మీదికెళ్ళి నేను యారాలు గోలీలు పోసిన. డాక్టరమ్మ నవ్వాపి గట్టిగనే తిట్టింది. గుండె లయ తప్పితే ఏమయ్యేదో తెల్సా అన్నది. తలకాయ వంచుకొని ఇన్న. తిట్లు అయినంక మాత్రం అడగకుండ ఉండలేకపోయిన.

"మేడం, ఒక్క మాట. థైరాయిడ్ ఎక్కువున్నప్పుడు టీఎస్‌హెచ్ గూడ ఎక్కువుండాలె గద. అది తక్కువెందుకున్నది?"

ఆమె నన్ను వింతగ చూసి కుర్సీ ముందుకు జరుపుకున్నది. "గొంతుల ఉండేది థైరాయిడ్ గ్రంథి. ఒంట్ల పొయ్యి ఎంత మండాల్నో అది చూసుకుంటది. టీ త్రీ, టీ ఫోర్ అది చేసే పని. టీఎస్‌హెచ్ అనేది దాని పని గాదు, దానికి మీదికెళ్ళి వచ్చే ఆర్డర్. మెదడు కింద ఒక చిన్న గ్రంథి ఆ ఆర్డర్ పంపుతది. పని తక్కువైతే చెయ్యి చెయ్యి అని మొత్తుకుంటది, టీఎస్‌హెచ్ పెరుగుతది. మీ యారాలు సంగతి గది. నీ గ్రంథి చెప్పకున్నా ఆపకుండ చేస్తనే ఉన్నది. ఇగ ఆర్డర్ ఎందుకని మీదున్నది నోరు మూసుకున్నది. అందుకే తక్కువ."

నాకు బల్బ్ ఎలిగింది! "అత్తకోడండ్ల లెక్క! కోడలు పని చెయ్యకపోతే అత్త ఒర్రుతది. కోడలు పొద్దంత చేస్తనే ఉంటే అత్త ఊకుంటది. గంతే గద మేడం?"

డాక్టరమ్మ ముందుగాల మా అత్త దిక్కు చూసి, తర్వాత "గంతే" అన్నది. మా అత్త మూతి తిప్పి, "నేను ఒర్రుడు ఆపిన దినం ఒక్కటన్న ఉన్నదా?" అన్నది. అదీ నిజమే.

ఇంకా అయిపోలేదన్నది డాక్టరమ్మ. ఎక్కువున్నదని తెల్సింది గానీ ఎందుకెక్కువైందో తెల్వాలె. గ్రంథి మొత్తం ఎగిరి పని చేస్తుందా, అందుల ఒక గడ్డ ఒక్కటే చేస్తుందా, లేకపోతే వాపొచ్చి లోపల దాచుకున్నదంత కారిపోతుందా. ఒక్కోదానికి ఒక్కో మందు. నా కండ్లు చూసి, గ్రంథి మొత్తం చేస్తున్నట్టే ఉన్నదన్నది. అందమనుకున్న గద, రోగం ఆనవాలు అది! హైదరాబాద్‌ల ఒక స్కాన్ తీస్తే ఖాయంగ తెలుస్తదట, కానీ ఇప్పుడే గాదట. ఎందుకు? యారాలు గోలీల జోరు దిగేదాక ఆ స్కాన్ సక్కగ చెప్పదట. నా తెలివికి స్కాన్ గూడ ఆగింది! గప్పటిదాక గుండె దడ తగ్గేటందుకు ఒక గోలి ఇచ్చి, ఇంకో తీరు పరీక్షకు రక్తం మల్ల తీపిచ్చింది. దాంతోటి గ్రంథి మొత్తం పనే అని తేలినంక, దాని జోరు తగ్గిచ్చే గోలి మొదలు పెట్టింది. జ్వరం గానీ, గొంతు నొప్పి గానీ వస్తే ఆ గోలి ఆపి ఉరికి రమ్మని రెండు పార్లు చెప్పింది. ఈ పారి చెవులు రిక్కిచ్చి ఇన్న.

టీచరమ్మకు కొత్త గుడ్డ నేనే కొనిస్తనన్న. ఆమె ఒద్దన్నది, "ముందు నీ చెయ్యి మంచిగ కానియ్యి" అన్నది. గా మాటకు మల్ల ఏడ్చిన. అది గూడ థైరాయిడే అని మా ఆయన చెప్పిండు. ఇప్పుడాయనకు అన్ని తెల్సు, ఆటో ఎక్కినోళ్ళకు టీఎస్‌హెచ్ సంగతి చెప్పుకుంట పోతుండు.

మెల్లగ తగ్గింది. ముందు దడ తగ్గింది, తర్వాత నిద్రొచ్చింది. ఒకనాడు ఫ్యాన్ బంద్ చేసి దుప్పటి కప్పుకున్న, మా ఆయన లేపి జ్వరమా అని అడిగిండు. ఉప్మా తింటే పగటి బువ్వ దాక ఆకలి లేదు. మా అత్త సర్వపిండి చేస్తే ఇంటిల్లిపాదికి వచ్చింది. కానీ నేను ఎదురుచూసేది అది గాదు గద. నాకు నా చెయ్యి గావాలె.

మొన్న డాక్టరమ్మ దగ్గరికి పోతే, చేతులు చాపమన్నది. కాయితం పరిచింది. నేను ఊపిరి బిగబట్టిన. కాయితం కదలలే! ఊపిరి తీసుకోమన్నది, తీసుకున్న. అప్పుడు గూడ కదలలే. ఇంకా చాన్నాళ్ళు మందులు వాడాలె, నడుమ నడుమ రక్తం చూపిచ్చుకోవాలె అని చెప్తుంది, నేను తల ఊపుతున్న గానీ నా కండ్లన్నీ ఆ కాయితం మీదనే ఉన్నయ్. గంత సంతోషం నాకు పెండ్లప్పుడు గూడ కాలే, మా ఆయనకు చెప్పకుండ్రి.

ఇంటికి ఉరికొచ్చిన. చెయ్యి చూసుకోవాలంటే గిరాకీ గుడ్డ మీద ఎందుకు, నా గుడ్డ మీదనే చూస్త అనుకున్న. దాచుకున్న ఆకుపచ్చ పట్టు ముక్క తీసిన. ఆదికి, అంటే కొలత చూసుకుంటందుకు, వానకాలంల నేను తొడిగిన జాకెటొకటి పక్కన పరిచిన. కత్తెర పెట్టిన. అక్కా, ఏం కోత! గుండ్రంగ తిప్పిన మెడ చంద్రుని లెక్క వచ్చింది. సూదిల దారం ఒక్కపారికే పోయింది. కుట్టు గీత గీసినట్టు పోతుంది. మా అత్తను పిలిచి చూపిచ్చిన, మా ఆయనను పిలిచి చూపిచ్చిన, ఫోన్ చేసి యారాలును గూడ పిలిచిన. అందరు చుట్టు నిలబడ్డరు. హుక్కులు కుట్టి, ఇస్త్రీ చేసి, లోపలికి పోయి తొడుక్కున్న.

ఎంతసేపటికీ బయటికి రాకపోయేసరికి మా అత్త దర్వాజ కొట్టింది. "ఏమైంది బిడ్డా? మల్ల చెయ్యి వణుకుతుందా?"

చెయ్యి వణుకుతలేదు. చెయ్యి పైకే లేస్తలేదు! ఒక్క హుక్కు గూడ అందుతలేదు! రోగమున్నప్పటి ఆది పెట్టి కత్తిరిచ్చిన గద, ఇప్పుడు నేను మంచిగై మల్ల ఒళ్ళు చేసిన సంగతే మర్సిపోయిన. ఊరందరి కొలతలు తీసే దాన్ని, కొత్త టేపు మెడల ఏసుకొని ఉండి నా కొలత నేను తీసుకోలే. ఇన్ని నెలలు దవాఖాన సుట్టు తిరిగితే ఆఖరికి చెయ్యి కుదిరింది, జాకెట్ కుదరలే!